పవర్ గ్రిడ్: బొగ్గు కొనడం తెలిస్తే సగం గెలిచినట్టే

పెట్టె మూలలకు టేపు పడింది, ఆట డబ్బు నోట్లు మెత్తబడ్డాయి. ఇక ఈ ఆట గురించి ధైర్యంగా రాయొచ్చు.

జర్మనీ డిజైనర్ ఫ్రీడెమాన్ ఫ్రీజె రూపొందించిన ఈ బోర్డు గేమ్ 2004లో వచ్చింది. కరెంటు ప్లాంట్లు వేలంలో పాడుకోవాలి, ఇంధనం కొనాలి, ఊళ్లకు లైన్లు లాగాలి. బోర్డుకు ఒకవైపు జర్మనీ, రెండోవైపు అమెరికా.

అసలు మజా ఇంధనం మార్కెట్‌లో ఉంది. బొగ్గు ధర ఒకటి నుంచి ఎనిమిది దాకా, ఒక్కో ధరకు మూడేసి ముక్కలు. చవకవి అయిపోతే పై ధర పెట్టాల్సిందే. ఎక్కువ ఊళ్లున్నవాడు అందరికన్నా చివర కొనాలి. పైగా ప్లాంటుకు కావలసినదానికి రెట్టింపు దాచుకోవచ్చు. మా బావది గోదావరిఖని, బొగ్గుబాయిలో పని. కావాలనే వెనకబడి, రెండు ముక్కలు చాలే ప్లాంటు మీద నాలుగు పెడతాడు. నా వంతు వచ్చేసరికి ఏడు, ఎనిమిది ధరవే మిగులుతాయి. "ఇంకో రెండు ఊళ్లు కలుపుకో బామ్మర్దీ" అని నవ్వుతాడు.

ఆయనకు ఒకటే కోపం. బొగ్గు ముక్కలు గోధుమ రంగులో ఉంటాయి, నల్లవేమో చమురువి. "ఇది బొగ్గా, బెల్లమా?" అంటాడు. కొత్తగా ఆడేవాళ్లు నిజంగానే తికమకపడతారు.

నా ఫిర్యాదు వేరు. మన దగ్గర రామగుండం, భూపాలపల్లి, మంచిర్యాల దగ్గరి జైపూర్ ప్లాంట్లు బొగ్గు ప్రాంతంలోనే ఉన్నాయి. ఆటలో ప్లాంటుకు మ్యాప్ మీద చోటే లేదు, బొగ్గు రవాణా ఖర్చూ లేదు. అసలు గ్రిడ్‌లో ఉత్పత్తి, వాడకం క్షణక్షణం సరిపోవాలి, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) దగ్గర నిలవాలి. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. యాసంగి పంటకు నీళ్లు తోడే మోటార్లు లేవు, గాలి ప్లాంటుకు గాలి ఆగదు. కరెంటు ఇవ్వకపోతే ఆ రౌండు ఆదాయం తగ్గుతుందంతే, సబ్‌స్టేషన్ ముందు ధర్నా ఎవరూ చేయరు.

నలుగురు ఆడితే ఒకరు 17 ఊళ్లు కలపగానే చివరి రౌండు. గెలుపు మాత్రం ఎక్కువ ఊళ్లకు కరెంటు ఇచ్చినవాళ్లది. అందుకే చివర్లో అందరూ ఫోన్ తీసి లెక్కల్లో పడతారు. నాకు బోర్. అక్క ఆ లెక్కల కోసమే కూర్చుంటుంది, ఎక్కువసార్లు గెలిచేదీ తనే.

ఇద్దరే ఉంటే కొనకండి, వేలంలో పోటీ ఉండదు. నలుగురుంటే, ఓ ఆదివారం మధ్యాహ్నం ఖాళీ ఉంటే తప్పక ఆడండి. నోట్ల బదులు ప్లాస్టిక్ బిళ్లలు పెట్టుకోండి. ఫ్యాన్ వేస్తే నోట్లు ఎగురుతాయి, ఆపితే మనం ఉడుకుతాం.