పిడుదులు తీసే కిట్: ట్వీజర్‌కి పూర్తి మార్కులు, పెట్టె మీది మాటకి సున్నా

గాయపడ్డ అడవి జంతువులను తెచ్చి కోలుకునేదాకా చూసుకునే ఒక సంరక్షణ కేంద్రంలో నేను వాలంటీర్‌ని. జింక పిల్ల వచ్చినా, కుందేలు వచ్చినా, ఉడుము వచ్చినా దెబ్బలు చూడటంతో పాటే ఒళ్లంతా పిడుదుల కోసం వెతుకుతాం. చెవుల లోపల, కనురెప్పల అంచున, తొడల సందుల్లో, వేళ్ల మధ్య, ఇలా చర్మం పల్చగా ఉన్న ప్రతిచోటా ఉంటాయి. తీసే పని ఎక్కువగా నాదే. అందుకే ఈ కిట్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో సన్న మొన స్టీల్ ట్వీజర్, చీలిక ఉన్న ప్లాస్టిక్ కొక్కేలు రెండు, భూతద్దం బిగించి, పిడుదుని పట్టడానికి అంచున చీలిక పెట్టిన కార్డు, మూత ఉన్న చిన్న సీసా, వాడే విధానం రాసిన కాగితం ఉన్నాయి.

డబ్బులన్నీ ట్వీజర్‌కే ఇచ్చామనుకున్నా తప్పులేదు. కనుబొమలకి వాడే మామూలు ట్వీజర్ల కొస వెడల్పుగా ఉంటుంది. దాంతో పట్టుకుంటే పిడుదు పొట్ట నొక్కుకుపోతుంది, లోపలున్న ద్రవం కరిచిన చోటుకి చేరే ప్రమాదం ఉంది. దీని మొనలు చర్మానికి ఆనించి, సరిగ్గా పిడుదు నోటి దగ్గరే పట్టుకోవచ్చు. ఈమధ్య ఒక జింక పిల్ల కనురెప్ప మీంచి పిడుదుని తీశాను. ఒకరు తల కదలకుండా పట్టుకున్నారు, నేను మొనలు బిగించి నిటారుగా పైకి లాగాను. మెలితిప్పలేదు, కుదపలేదు. రెప్ప చర్మం కొద్దిగా పైకి లేచి అక్కడే ఆగింది. పట్టు పెంచకుండా, వదలకుండా అలాగే ఉంచితే కొన్ని క్షణాలకి పిడుదు మొత్తం ఊడి వచ్చింది. దాని నోటి గొట్టానికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి, కొన్ని జాతులు గట్టిపడే జిగురు కూడా వదులుతాయి. గబుక్కున లాగితే నోరు లోపలే తెగిపోయేది అందుకే. ఒకవేళ తెగినా సూదితో తవ్వకండి. చర్మమే మెల్లగా దాన్ని బయటికి నెట్టేస్తుంది.

కొక్కేలు దట్టమైన బొచ్చులో బాగా పనిచేస్తాయి. చీలికని పిడుదు కిందికి జార్చి, మెల్లగా తిప్పుతూ ఎత్తాలి. నిటారుగా లాగడం ట్వీజర్‌కి, తిప్పడం కొక్కేనికి. ఈ రెండూ కలిపేసి గందరగోళపడేవాళ్లని చూశాను. కాగితంలో రెండు బొమ్మలూ పక్కపక్కనే వేసి ఉంటే బాగుండేది. చిన్న కొక్కెం పిల్ల పిడుదులకి పనికొస్తుందన్నారు గానీ, గసగసంత ఉండే వాటికి నేను ట్వీజరే వాడతాను.

కార్డు చీలిక నాకు ఉపయోగపడలేదు. వేళ్ల సందుల్లోకి, చెవి మడతల్లోకి దూరదు. దాని భూతద్దం మాత్రం మంచిది. పిడుదుకి ఆరు కాళ్లే కనిపిస్తే అది గుడ్డులోంచి వచ్చిన మొదటి దశ, ఎనిమిది ఉంటే తర్వాతి దశలు. దశ మారాలన్నా, ఆడది గుడ్లు పెట్టాలన్నా రక్తం కావాలి. ఎలుక రక్తం తాగిన పిడుదు తర్వాతి దశలో జింకకో మనిషికో అంటుకోవడం, ఒకరి క్రిమి మరొకరికి చేరడం ఇలాగే జరుగుతుంది.

పెట్టె మీద ‘వ్యాధుల నుంచి సంపూర్ణ రక్షణ’ అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ మాట చదివితే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే నమ్మి అజాగ్రత్తగా ఉండేవాళ్లు ఉంటారు. పిడుదుని తొందరగా తీయడం నిజంగా మేలు చేస్తుంది. లైమ్ వ్యాధి బ్యాక్టీరియా సోకడానికి పిడుదు సాధారణంగా ఒక రోజుకి పైగా అంటుకుని ఉండాలి. అదే మెదడు వాపు తెచ్చే పోవాసన్ వైరస్ అయితే పదిహేను నిమిషాల్లోనే సోకవచ్చు. ఏ కిట్టూ దాన్ని ఆపలేదు. ఒంట్లో రక్తస్రావం కలిగించే క్రిమియన్-కాంగో జ్వరం విషయంలో పిడుదుని చేతివేళ్లతో చిదిమినా ప్రమాదమే.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చనిపోతూ, చుట్టుపక్కల మనుషులకి జ్వరాలు వచ్చినప్పుడు బయటపడిన వ్యాధిని చూడండి. క్యాసనూరు అడవి వ్యాధి అంటారు దాన్ని, ముఖ్యంగా పిడుదుల ద్వారా పాకే వైరస్ దానికి కారణం. కోతి చనిపోగానే దాని ఒంటి మీది పిడుదులు కిందికి దిగిపోతాయి. కళేబరం చుట్టూ ఉన్న నేల అంతా ప్రమాదకరం అవుతుంది. అలాంటి చోట చేతిలో ట్వీజర్ ఉందన్న ధైర్యంతో దగ్గరికి వెళ్లడం కంటే, దూరం నుంచే అటవీ, ఆరోగ్య శాఖలకి చెప్పడం ముఖ్యం.

జంతువులకి కూడా పిడుదు చిన్న బాధ కాదు. 1994లో ఆఫ్రికాలోని టాంజానియా దేశపు సెరెంగెటి అడవుల సింహాల్లో దాదాపు మూడో వంతు చనిపోయాయి. కుక్కల నుంచి వచ్చిన డిస్టెంపర్ వైరస్ ప్రధాన కారణమే అయినా, కరువుతో నీరసించి పిడుదులతో నిండిపోయిన అడవి దున్నలని తిన్న సింహాల రక్తంలో, పిడుదులు మోసే బబీసియా అనే పరాన్నజీవి విపరీతంగా పెరిగి ఉందని తర్వాత తేలింది. రెండూ ఒకేసారి రావడం వాటిని దెబ్బతీసింది. అందుకే మా దగ్గరికి బక్కచిక్కి వచ్చిన జంతువుకి పిడుదులు ఎక్కువగా ఉంటే, తీసేసి ఊరుకోం, రక్త పరీక్ష చేయమని పశువైద్యుణ్ని అడుగుతాం.

వాడే కాగితంలో తీసే పద్ధతి ఉంది, తర్వాత ఏం చేయాలో లేదు. మేం చేసేది చెబుతాను. చేతులకి గ్లౌజులు వేసుకుంటాం. వ్యాజిలైన్, కిరసనాయిలు, నెయిల్ పాలిష్, అగ్గిపుల్ల, వీటిలో ఏదీ పిడుదు దగ్గరికి తీసుకెళ్లం. ఆ ఇబ్బందికి అది లాలాజలాన్ని ఇంకా ఎక్కువగా కక్కవచ్చు. తీశాక కరిచిన చోటుని సబ్బు నీళ్లతో కడుగుతాం. పిడుదుని స్పిరిట్ పోసిన సీసాలో వేసి తేదీ, జంతువు, ఒంటి మీద ఎక్కడ ఉందో రాసి అంటిస్తాం. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు వేల గుడ్లు పెట్టగలదు, దాన్ని పెరట్లోకి విసరడం ఎంతమాత్రం మంచిది కాదు. మాలో ఎవరినైనా పిడుదు కరిస్తే ఆ తేదీ కూడా రాసుకుంటాం. తర్వాతి వారాల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, కరిచిన చోటు చుట్టూ పెరుగుతున్న ఎర్ర మచ్చ, ఏది కనిపించినా డాక్టర్‌కి ముందుగా చెప్పేది పిడుదు కరిచిన సంగతే. రోగి చెప్పకపోతే డాక్టర్‌కి ఆ అనుమానం రావడం కష్టం.

సీసా మాత్రం మార్చుకోండి. మూత గట్టిగా పట్టడం లేదు, సంచిలో పడుకోబెడితే స్పిరిట్ కారిపోతోంది. రబ్బరు వాషర్ ఉన్న వేరే సీసా తెచ్చి పెట్టుకున్నాను.

కుక్కని పొలాల్లోకి, అడవి అంచుల్లోకి తీసుకెళ్లేవాళ్లు, పశువులు కాసేవాళ్లు, అడవిలో సర్వేలు చేసేవాళ్లు తప్పకుండా కొనవచ్చు. ఆ ట్వీజర్ విడిగా దొరికితే అదొక్కటీ, మంచి సీసా ఒకటీ చాలు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను. పెట్టె మీది ఆ ఒక్క వాక్యం తీసేస్తే మిగిలిన మార్కూ ఇస్తాను.