సింగపూర్ ఫిరంగి కోటల టూర్ బుక్ చేసుకుంటున్న మాజీ సైనికులూ, జాగ్రత్త

మేం పదకొండు మందిమి. అందరం గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయిన గన్నర్లమే. సైనిక్‌పురిలో కలిసినప్పుడల్లా సింగపూర్ తీరంలోని ఫిరంగుల మాట వచ్చేది. ఈ ఏడాది పెన్షన్ డబ్బులు కూడబెట్టుకుని బయల్దేరాం. సికింద్రాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ 'మాజీ సైనికుల స్పెషల్' అని ప్యాకేజీ అమ్మింది.

ప్యాకేజీ కాక విడిగా ఇంకో మూడు ఛార్జీలు వసూలు చేశారు. సిలోసో కోట ఎంట్రీ 2,800, జొహోర్ బ్యాటరీ (పాత ఫిరంగి స్థావరం) సొరంగాల గైడ్ టూర్ 3,500, అరైవల్ కార్డు (సింగపూర్‌లో దిగేముందు నింపాల్సిన ప్రభుత్వ ఫారం) 900. మనిషికి 7,200. పదకొండు మందికి కలిపి 79,200 రూపాయలు.

సెంటోసా దీవిలో సిలోసో కోటకు వెళ్తే మమ్మల్ని టికెట్ అడిగినవాళ్లే లేరు. ప్రవేశం ఉచితం! చెట్ల మీదుగా కోటకు వెళ్లే 181 మీటర్ల స్కైవాక్ కూడా ఉచితమే, లిఫ్ట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ వెళ్లొచ్చు. 1870ల్లో బ్రిటిషువాళ్లు కట్టిన కోట అది. అక్కడి ఫిరంగుల మీద చెయ్యి వేస్తే ఒళ్లు పులకరించింది, ఆ మాట కూడా చెప్పాలి.

చాంగీలోని జొహోర్ బ్యాటరీలో ఒకప్పుడు మూడు 15 అంగుళాల ఫిరంగులుండేవి. ఇప్పుడున్నది నమూనా ఒక్కటే. సొరంగాల్లోకి సందర్శకులను పంపరు. గైడ్ అసలు రాలేదు. పైగా వాళ్లిచ్చిన కాగితంలో, సింగపూర్ ఫిరంగులన్నీ సముద్రం వైపే ఉండి వెనక్కి తిరగలేదని రాశారు. అది తప్పు. ఈ బ్యాటరీ 1942 ఫిబ్రవరిలో జపాన్ సైన్యం వచ్చిన ఉత్తరం వైపు, అంటే నేల వైపు కూడా కాల్చింది. అసలు ఇబ్బంది గుండ్లది. ఎక్కువగా ఉన్నవి ఓడల కవచం చీల్చే రకం, కాలిబంట్ల మీద అంతగా పనికిరావు. మాకు ఈ తేడా చిన్నది కాదు.

చివరి రోజు మేం క్రాంజీ యుద్ధ స్మారకం చూడాల్సి ఉంది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 24,000 మందికి పైగా పేర్లున్నాయి. 1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాన్ చేతిలో దెబ్బతిన్న మన 4/19 హైదరాబాద్ రెజిమెంట్ (19వ హైదరాబాద్ రెజిమెంట్ 4వ బెటాలియన్) వాళ్ల పేర్లూ ఉన్నాయి. వాళ్లకు సెల్యూట్ చేద్దామని మా 79 ఏళ్ల సుబేదార్ సాబ్ మెడల్స్ వెంట తెచ్చుకున్నారు. ఏజెన్సీవాళ్లు బస్సును షాపింగ్ మాల్‌కి తిప్పారు. "టైం లేదు సాబ్" అన్నారు. మెడల్స్ డబ్బా విప్పకుండానే తిరిగొచ్చింది. డబ్బు కంటే నాకు బాధ అదే.

ఎవరైనా ఎంట్రీ టికెట్ డబ్బులడిగితే ముందు ఆ కోట అధికారిక వెబ్‌సైట్‌లో ధర చూడండి. అరైవల్ కార్డు ఉచితం, చేరే రోజుతో కలిపి ముందు 3 రోజుల్లో మనమే ఆన్‌లైన్‌లో నింపొచ్చు. టీసీఎస్ (విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెన్సీ వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కట్టించుకుంటే అది మీ 26ఏఎస్‌లో (ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేరున జమైన పన్నుల లెక్కలో) కనిపించాలి, మాకు ఇంకా కనిపించలేదు. చూపించే ప్రతి చోటూ బిల్లులో పేరుతో సహా రాయించుకోండి. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు.

మేం స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపాం. జవాబు లేదు, కానీ అదే ఏజెన్సీ డిసెంబర్ ట్రిప్‌కి మన వాళ్లకు ఫోన్లు చేస్తోంది. అడ్వాన్స్ కట్టినవాళ్లుంటే క్రాంజీకి ఏ రోజు, ఎన్ని గంటలకు తీసుకెళ్తారో ఈ రోజే రాతలో అడగండి.