ఏడు క్రిస్మస్‌ల పద్దు: గూగుల్ షీట్స్ వాడకంపై నా సమీక్ష

గుంటూరులోని మా ఇంట్లో క్రిస్మస్ ఖర్చు డిసెంబరు ఒకటో తేదీన వసారాలో నక్షత్రం కట్టడంతో మొదలై, ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధన ముగిసేవరకు ఆగదు. 2018లో మావారికి వచ్చిన బోనసు మొత్తం ఆ నెలలోనే అయిపోయి, జనవరిలో పిల్లల మూడో టర్మ్ ఫీజు కోసం మా ఆడపడుచు దగ్గర చేబదులు తీసుకోవలసి వచ్చింది. అంత డబ్బు దేనికి పోయిందో ఇద్దరం కూర్చుని లెక్క వేసినా సగం కూడా తేలలేదు. ఆ బాధతోనే 2019 నుంచి, పట్టికల్లో లెక్కలు రాసుకునే గూగుల్ షీట్స్‌లో పద్దు రాస్తున్నాను.

మా షీటులో తేదీ, ఎవరు ఇచ్చారు, దేనికి, ఎంత, నగదా ఫోన్‌పేనా అని ఐదే నిలువు వరుసలు ఉంటాయి. రెండో పేజీలో నవంబరులోనే అందరం కలిసి వేసుకున్న అంచనా ఒకవైపు, ఆ పద్దు కింద ఇప్పటివరకు అయిన ఖర్చు మరోవైపు కనిపిస్తాయి. ఆ కూడికను, ఒకే పేరున్న ఖర్చులను వెతికి కలిపే సమ్‌ఇఫ్ (SUMIF) సూత్రం చేసిపెడుతుంది. మొదటి ఏడాది ఎవరికి తోచిన మాట వారు రాయడం వల్ల నేను బట్టలనీ, మావారు గుడ్డలనీ, అత్తగారి తరఫున అబ్బాయి చీరలనీ రాసి ఒకే ఖర్చును మూడు ముక్కలు చేశాము. అప్పటి నుంచి ‘దేనికి’ అన్న గడిలో పేర్లను జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టాను. ఈ ఏర్పాటు లేకుండా ఎవరూ మొదలుపెట్టవద్దని నా మనవి.

ఈ పద్దు మాకు తెలియజెప్పిన పెద్ద విషయం వేరే ఉంది. ఏటా మేము వాదించుకునేది బట్టల గురించి. అవి మాత్రం దాదాపు అంచనాలోనే ఉంటున్నాయి. అసలు ఖర్చు పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ కూడికలకు, రాత్రిళ్లు ఇంటికి వచ్చే క్యారల్స్ బృందాలకు ఇచ్చే కానుకలకు, వారికి పెట్టే టీ, కేకులకు అవుతోంది. 2021 డిసెంబరులో పద్నాలుగు బృందాలు వచ్చాయి. వాటికి 9,300 రూపాయలు అయ్యాయి. గుమ్మంలో నిలబడి పాడే పిల్లలను చూసి చెయ్యి ముడుచుకోవడం మాకు చేతకాదు, చేతకావాలని కూడా నేను కోరుకోను. అందుకే 2022 నుంచి ఆ పేరుతోనే పదివేలు ముందుగా తీసి, నోట్లుగా మార్చి కవరులో పెడుతున్నాము. మందిరానికి ఇచ్చే కృతజ్ఞతార్పణ మాత్రం షీటులో మొదటి వరుస. ఏది తగ్గించవలసి వచ్చినా దాని జోలికి వెళ్లము.

2020లో జరిగిన పొరపాటు ఇతరులకు పనికివస్తుందని చెబుతున్నాను. మావారు ఒక గడిలో ‘రూ. 4,600’ అని తెలుగులో టైపు చేశారు. షీటు దానిని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుని కూడికలో కలపలేదు. ఇంకా మిగులు ఉందనుకుని విందుకు మరో మూడు కిలోల మాంసం చెప్పాము. తర్వాత పరిశీలిస్తే, మిగతా అంకెలన్నీ గడిలో కుడివైపున వరుసగా నిలబడి ఉండగా, ఆ ఒక్కటి ఎడమ అంచున కనిపించింది. ఇప్పుడు ఆ నిలువు వరుసలో అంకె తప్ప మరేదీ పడకుండా నిబంధన పెట్టాను.

పాత పేజీలు దాచుకోవడం వల్ల కలిగే మేలు 2025లో బాగా తెలిసింది. సెప్టెంబరు 22 నుంచి కేకుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఒక్కోటి 2,500 రూపాయలు మించని దుస్తులకు 5 శాతం, అంతకు మించితే 18 శాతం అయింది. ముందటేడు పద్దు పక్కన పెట్టుకుని, బట్టల కోసం విజయవాడ బీసెంట్ రోడ్డుకు బయలుదేరకముందే ఏ ఒక్కటీ ఆ హద్దు దాటకూడదని నిర్ణయించుకున్నాము.

నగదు విషయంలో మాత్రం ఈ షీటు మన శ్రద్ధ మీదే ఆధారపడుతుంది. ఫోన్‌పేలో ఇచ్చినదైతే వారం తర్వాతైనా లావాదేవీల చరిత్రలో దొరుకుతుంది, పూలకూ ఆటోకూ ఇచ్చిన నోటు దొరకదు. మేము రాత్రి కుటుంబ ప్రార్థన కాగానే పది నిమిషాలు కూర్చుని, అత్తగారు చెప్పే ఖర్చులతో సహా ఎక్కిస్తాము. 2023లో నేను మూడు రోజులు పుట్టింట్లో ఉండగా ఆ పని ఆగిపోయింది. ఆ ఏటి పేజీలో ‘తెలియదు’ అన్న పద్దు కింద 2,700 రూపాయలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.