స్టడ్లీ రాయలా, స్కెల్టనా: బర్జెస్ చర్చిల్లో ఏది మేలు?

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో రిపన్ ఊరికి అటొకటి ఇటొకటి 19వ శతాబ్దపు ఆర్కిటెక్టు విలియం బర్జెస్ కట్టిన రెండు పల్లెటూరి చర్చిలున్నాయి, స్టడ్లీ రాయల్‌లో సెయింట్ మేరీస్, స్కెల్టన్‌లో క్రైస్ట్ ద కన్సోలర్. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఫౌంటెన్స్ ఆబీ అనే పాత మఠం శిథిలాలు చూడ్డానికి వెళ్ళే మనవాళ్ళు ‘ఒక్కదానికే టైముంది, ఏది చూడమంటారు’ అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేబదులు ఇక్కడే రాస్తున్నాను.

రెండిటి వెనకా ఉన్నది ఒకే చావు. 1870 ఏప్రిల్‌లో ఫ్రెడరిక్ వైనర్ అనే 23 ఏళ్ళ కుర్రాడు గ్రీస్‌లో మారథాన్ చూసి వెనక్కి వస్తుంటే బందిపోట్లు పట్టుకుని డబ్బు అడిగారు. చివరికి సైన్యం వెంటబడేసరికి దిలెసీ దగ్గర అతన్నీ, ఇంకో ముగ్గురినీ చంపేశారు. విడిపించడానికి పోగుచేసిన డబ్బు అలాగే మిగిలిపోయిందనీ, దాన్నే ఈ చర్చిలకు పెట్టారనీ చెబుతారు. స్కెల్టన్‌లోది తల్లి లేడీ మేరీ వైనర్ తమ న్యూబీ హాల్ ఎస్టేట్‌లో కట్టించింది. స్టడ్లీది అక్క హెన్రియెట్టా కట్టించింది. ఆవిడ భర్త ఎవరో కాదు, మన స్కూలు పుస్తకాల్లో 1882 స్థానిక స్వపరిపాలన తీర్మానం దగ్గర కనబడే వైస్రాయ్ లార్డ్ రిపన్, చెన్నైలో రిపన్ బిల్డింగ్‌కి పేరొచ్చింది ఆయన వల్లే. పనులు రెండుచోట్లా 1871లో మొదలయ్యాయి, స్కెల్టన్ 1876కి, స్టడ్లీ 1878కి పూర్తయ్యాయి. మధ్యలో 1874లో లార్డ్ రిపన్ కాథలిక్‌గా మారిపోయాడు, అయినా ఇంగ్లండ్ అధికారిక శాఖైన ఆంగ్లికన్ వాళ్ళ ఈ స్టడ్లీ చర్చి పని ఆగలేదు, భార్యాభర్తల పాలరాతి సమాధి కూడా ఇప్పుడు అందులోనే ఉంది.

బయటి నుంచి చూస్తే స్టడ్లీకే మార్కులు. జింకల పార్కులో చెట్ల వరసల మధ్య పొడుగాటి దారి, ఆ కొసన శిఖరం, వెనక్కి తిరిగితే దూరంగా రిపన్ కెథెడ్రల్. స్కెల్టన్‌లో టవర్ ఓ పక్కకి ఉంటుంది, బాగుంటుంది, కానీ అంత దూరం నుంచి లాక్కొచ్చే దృశ్యం కాదు.

నా దృష్టిలో తేల్చాల్సింది లోపలే. ఖర్చుకి వెనకాడని కుటుంబం, అలంకారమంటే ప్రాణమిచ్చే ఆర్కిటెక్టు, చెక్కడానికి రెండుచోట్లా థామస్ నికల్స్ అనే ఒకే శిల్పి. ఇంత ఉన్నప్పుడు అసలు ప్రశ్న ఎంత నగిషీ ఉంది అన్నది కాదు, దాన్ని ఎక్కడ ఆపి ఎక్కడ వదిలారన్నది. స్టడ్లీలో జనం కూర్చునే నేవ్ దాదాపు సాదాగా ఉంటుంది. తలుపు తీసి లోపలికెళ్ళగానే ‘ఇంతేనా’ అనిపించినా ఆశ్చర్యపోను. బలిపీఠం వైపు నాలుగడుగులు వేసి చాన్సెల్‌లోకి, అంటే బలిపీఠం ఉండే భాగంలోకి వెళ్ళండి, అక్కడ గోడలూ పైకప్పూ నేలా ఒక్కసారిగా రంగు తిరుగుతాయి. రంగు పాలరాతి స్తంభాలు, కాళ్ళ కింద మొజాయిక్, గాయకబృందం బెంచీల మీద రంగులద్దిన చెక్క చిలకలు, రెక్కల సింహం, బలిపీఠం మీద బంగారు మెరుపుల డోమ్, దాన్నిండా దేవదూతలు. కోల్పోయిన స్వర్గం తిరిగి దొరకడమన్నది మొత్తం డిజైన్‌కి వెన్నెముక. నేవ్‌ని అలా ఖాళీగా ఉంచకపోతే ఈ కథ నడవదు, ఆ మార్పు మనకి నడకలోనే తెలియాలి.

కిటికీల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా నచ్చినవి అవే. చాన్సెల్‌లో రాతి జాలీ ఒక పొర కాదు, రెండు. బయటి పొరలో రంగుటద్దాలుంటాయి, దానికి ఎడంగా లోపలివైపు అద్దం లేని ఇంకో జాలీ. మీరు కదిలే కొద్దీ ముందు జాలీ వెనక రంగులు జరుగుతుంటాయి, ఒక్కోసారి ఒక ముఖం కప్పబడిపోయి పక్కది బయటపడుతుంది. ఫొటోలో ఇది అస్సలు రాదు. అందుకే స్టడ్లీని ఫొటోల్లో చూసి ‘మరీ రంగులెక్కువ’ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను, ఆ రంగుకి అంత లోతు ఉంది కాబట్టే అది కంటికి బరువనిపించదు. బాప్తిస్మపు తొట్టిని కూడా వదలకండి, టెనెసీ నుంచి తెచ్చిన పాలరాయి, దాని మీద మనిషి నాలుగు వయసుల బొమ్మలు.

స్కెల్టన్ బలం శిల్పం. చాన్సెల్ ఆర్చి మీద క్రీస్తు ఆరోహణం దృశ్యాన్ని రాతిలో పెద్దగా నిలబెట్టారు, కూర్చున్నంతసేపూ చూపు అక్కడికే పోతుంది. తెల్లని రాయి, నల్లని పాలరాతి కంబాలు, బాప్తిస్మపు తొట్టి మీద శిఖరంలా లేచే మూత. ఇక్కడ నగిషీ నేవ్ నుంచే మొదలవుతుంది, అందువల్ల స్టడ్లీలో వచ్చే ఆ కుదుపు రాదు. కానీ కొడుకుని పోగొట్టుకున్న తల్లి కట్టించిందన్న సంగతి ఇక్కడే ఎక్కువ మనసుకి తగులుతుంది. గుంపులు ఇష్టంలేనివాళ్ళు, మనసు బరువుగా ఉండి కాసేపు ఊరికే కూర్చోవాలనుకునేవాళ్ళు నా మాట పక్కనపెట్టి స్కెల్టనే వెళ్ళండి.

ఇంకా వేరేవి అడిగితే, కంబ్రియాలో రే అనే పల్లెలో సారా లోష్ అనే ఆవిడ సొంతంగా డిజైన్ చేసి 1842లో పూర్తిచేసిన చర్చి అద్భుతం, కానీ అది ఈ రెండిటిలా కోసు ఆర్చీల గోతిక్ శైలి కాదు, దారి కూడా వేరు. ఈస్ట్ యార్క్‌షైర్‌లో గార్టన్ చర్చి గోడల బొమ్మలు బాగుంటాయి, అటువైపు వెళ్తే చూడండి.

ఒక్కటే అంటే స్టడ్లీ. కారుంటే రెండూ ఒకే రోజులో సులువుగా అయిపోతాయి, అప్పుడు ముందు స్కెల్టన్, తర్వాత స్టడ్లీ పెట్టుకోండి, తిరగేస్తే స్కెల్టన్ చప్పగా అనిపించే ప్రమాదముంది. స్టడ్లీ ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ చేతిలో ఉంది కాబట్టి బయల్దేరేముందు వాళ్ళ సైట్లో టైమింగ్స్ చూసుకోండి.