జయపురం పిల్లలకు ముందు ఎవరి కథ: హేయరా, భక్తసింగా?

ఒడిశాలోని జయపురం, రాయగడల్లో పెరిగే తెలుగు పిల్లలకు సండేస్కూల్లో ఎవరి జీవితం ముందు చెప్పాలి: అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హేయర్‌దా, భారతీయ సువార్తికుడు భక్తసింగ్‌దా?

భక్తసింగ్ కథకు బిగువు ఎక్కువ. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదువుకని విదేశం వెళ్లి, క్రీస్తును నమ్మి 1933లో తిరిగివచ్చారు. హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధనా కేంద్రాన్ని నెలకొల్పారు. విదేశీ మిషన్లపై ఆధారపడని సహవాసాలు (విశ్వాసుల సంఘాలు) ఆయన కానుక.

నేను మాత్రం ముందు హేయర్ కథే చెబుతాను. 1842లో గుంటూరు చేరి లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) మిషన్‌కు పునాది వేశారాయన. మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యపట్టా పుచ్చుకుని, మళ్లీ వచ్చి పల్నాడులో పనిచేశారు. ఎంత పట్టుదల! 1869లో రాజమండ్రి మిషన్ లూథరన్ల చేజారుతోందని తెలిసి, డెబ్బై ఆరేళ్ల వయసులో మరోసారి ఓడెక్కారు. పైగా జయపురం ఉన్న కొరాపుట్ కొండల్లో పాతుకుపోయినదీ లూథరన్ సంఘమే. పిల్లలకు ఆయన పరాయివాడుగా తోచడు. భక్తసింగ్ అంతర్మథనం కాస్త పెద్ద పిల్లలకు బాగా అందుతుంది.