చీకిపోయిన ట్రైలర్ చెక్కకు ఎపాక్సీ: కొన్ని వానాకాలాలు గడిచాక

మా హన్మకొండ ఇంటి పక్కన ఉన్నది పాత క్యాంపర్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని పోయే చక్రాల ఇల్లు), లోపల చెక్క ఫ్రేమ్, పైన అల్యూమినియం రేకు. కిటికీల కింద, వెనక మూలల్లో చెక్క చీకిపోతే రెండు రకాల ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) వాడి బాగుచేయించాను: చెక్కలోకి ఇంకే పలచటి రెజిన్, గుంతలు నింపే ముద్ద. చాన్నాళ్లు వాడాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

సరుకు మంచిదే. కానీ ఎక్కడ వాడాలో తెలియాలి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే పైపైన మెత్తగా ఉండి లోపల గట్టి చెక్క తగిలిన చోట రెజిన్ బాగా పట్టింది, ఇప్పటికీ రాయిలా ఉంది. మొన లోపలికంటా దిగిపోయే చోట ఎంత పోసినా దండగ, ఆ ముక్క కోసి పారేయాల్సిందే. అట్లాంటి చోట మా వడ్రంగి పాత బద్దనూ కొత్త టేకు బద్దనూ ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్ల పొడవున కోసి, రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చునేలా చిత్రిక పట్టి ఎపాక్సీతో అతికించాడు. మొత్తం రిపేరులో నాకు బాగా నచ్చినవి ఈ అతుకులే. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఇంటిల్లిపాదిమీ ఈ ట్రైలర్‌లోనే పోయాం, దారిలో అంత కుదుపులున్నా ఒక్క అతుకూ కదల్లేదు.

ఈ పని ఎండాకాలంలోనే పెట్టుకోండి. రేకు విప్పి చెక్కను పూర్తిగా ఆరనివ్వాలి, తేమ 15 శాతం లోపుకు దిగాకే రెజిన్ పూయాలి, తడి మీద పూస్తే నీళ్లను లోపల పెట్టి మూత వేసినట్టే. అయితే మన మే నెల ఎండకు ఎపాక్సీ చాలా తొందరగా గట్టిపడుతుంది, అందుకే పొద్దున్నే కొంచెం కొంచెం కలుపుకోవాలి.

అసలు జబ్బు చెక్కది కాదు, నీళ్లు దిగే సందులది. పాత యజమాని కిటికీల చుట్టూ పూసిన సిలికాన్ అంచులు లేచిపోయి, నీళ్లు దాని వెనక నుంచే దిగేవి. అదంతా గీకేసి బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు జిగురు పట్టీ) పెట్టించాను. ఇది ఎండిపోయి గట్టిపడదు, రేకు ఎండకు సాగినా చలికి ముడుచుకున్నా దానితో పాటే కదులుతుంది. 2023 జులై చివర్లో వరంగల్ కాలనీలు మునిగిన వానలకు, అంటే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడ్డప్పుడు, మా కిటికీల కింద చెక్క పొడిగానే ఉంది.

లోపం ఒకటుంది. ఎపాక్సీకి ఎండ పడదు. పెయింట్ ఊడిన మూల దగ్గర ముద్ద పసుపెక్కి పొడి రాలుతోంది, కాబట్టి పెయింట్ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి. నేలకు మాత్రం ఐఎస్ 710 (నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం) మార్కున్న మెరైన్ ప్లైవుడ్ తప్ప ఇంకోటి వద్దు, దానికీ కోసిన అంచులన్నిటికీ రెజిన్ పట్టించాకే స్క్రూలు బిగించండి.