రేడియోహెడ్: ఏళ్ల తరబడి విన్నాక ఏ ఆల్బమ్ నిలిచింది?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే మాట, ప్రతి ఆల్బమ్‌కీ స్టైల్ మార్చేస్తారని. తొమ్మిది ఆల్బమ్‌లూ ఏళ్లుగా తిప్పి తిప్పి వింటున్నాను. నాకు కనిపించింది వేరు. పాటకు తగ్గ శబ్దం దొరికేదాకా దాన్ని వదిలిపెట్టకుండా దాచుకునే ఓపిక వీళ్లకి ఉంది. ట్రూ లవ్ వెయిట్స్‌నే తీసుకోండి. 1995లో స్టేజి మీద గిటార్‌తో పాడిన పాట అది. స్టూడియో ఆల్బమ్‌లోకి వచ్చింది 2016లో, అదీ గిటార్ లేకుండా, ఒకదాని మీద ఒకటి పేరుకునే పియానోలతో. 1998 కచేరీల్లో పాడిన న్యూడ్ కూడా 2007 దాకా ఆగింది.

ఇంకో సంగతి. 1985లో ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్ స్కూల్లో కలిసిన ఐదుగురే ఇప్పటికీ ఉన్నారు. మనుషులు మారకుండా సంగీతం ఇంత మారడం రాక్ బ్యాండ్లలో చాలా అరుదు.

మొదటి ఆల్బమ్ పాబ్లో హనీ (1993) నేను ఇప్పుడు పెద్దగా వినను. క్రీప్ తప్ప మిగతావి గుర్తుండవు. ఆ క్రీప్‌లో కూడా కోరస్‌కి ముందు జానీ గ్రీన్‌వుడ్ గిటార్ తీగల్ని రెండు మూడు సార్లు కసిగా గీరుతాడు చూడండి, అక్కడే వీళ్ల ముందుదారి వినిపిస్తుంది. ద బెండ్స్ (1995) మాత్రం ఇప్పటికీ తాజాగానే ఉంది.

ఓకే కంప్యూటర్ (1997) గురించి అందరూ రాశారు. నేను ఒక్క విషయమే చెప్తాను. అందులోని ఎగ్జిట్ మ్యూజిక్ పాటని మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఆ గొంతు వెనక ఉన్న ప్రతిధ్వని మెషీన్‌తో చేసింది కాదు, ఇంగ్లండ్‌లోని బాత్ అనే ఊరి దగ్గర ఒక పాత భవనంలోని రాతి మెట్ల దగ్గర పాడితే వచ్చింది.

అసలు పరీక్ష కిడ్ ఏ (2000). సుదీర్ఘ టూర్ తర్వాత అలసిపోయిన గాయకుడు థామ్ యార్క్‌కి గిటార్ పాటలంటేనే విసుగొచ్చింది. ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతంలో మునిగాడు. మొదటి పాటలో కీబోర్డ్ ఒక్కటే మెల్లగా నడుస్తుంటే, అతని గొంతే ముక్కలు ముక్కలై చుట్టూ తిరుగుతుంది. మాట అర్థమయ్యేలోపే ఇంకో ముక్క దాని మీద పడుతుంది. ఐడియోటెక్ పాటకి ఆధారం అమెరికన్ స్వరకర్త పాల్ లాన్స్కీ 1973లో కంప్యూటర్ మీద చేసిన సంగీతంలోంచి తీసుకున్న చిన్న ముక్క. ముందుగా విడిగా వదిలే పాట, అంటే సింగిల్, ఒక్కటీ విడుదల చేయకపోయినా ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయింది. చల్లగా, దూరంగా ఉందంటారు కానీ, విన్నకొద్దీ వీళ్ల ఆల్బమ్‌లలో ఎక్కువ మనసు పెట్టి చేసింది ఇదేనని నాకు నమ్మకం కుదిరింది. హౌ టు డిసపియర్ కంప్లీట్లీ చివర్లో తీగవాద్యాలు ఒక్కసారిగా లేస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

అమ్నీజియాక్‌లో పిరమిడ్ సాంగ్ చాలు. హెయిల్ టు ద థీఫ్ (2003) బాగా పొడుగు, పద్నాలుగు పాటలు. యార్కే తర్వాత కొన్ని తీసేసి కొత్త వరస ప్రకటించాడు. ఆ వరసలో వింటే నిజంగానే బిగువుగా ఉంటుంది.

ఇన్ రెయిన్‌బోస్ (2007) "మీకు తోచినంత ఇవ్వండి" అని డౌన్‌లోడ్‌కి పెట్టడం వల్ల వార్తల్లోకెక్కింది. ఆ హడావుడిలో సంగీతం మీద మాట తగ్గింది. మొదటి పాట ఐదు మాత్రల లెక్కలో నడుస్తుంది, అయినా కాలు దానంతటదే ఆడుతుంది. కిడ్ ఏ నుంచి నేర్చుకున్న మెషీన్ లయ, బెండ్స్ నాటి వెచ్చని గిటార్ ఇక్కడ ఒకటైపోయాయి. నేను ఎక్కువసార్లు పెట్టుకునేది ఇదే.

ద కింగ్ ఆఫ్ లింబ్స్ (2011) స్టూడియో రికార్డింగ్ నాకు ఇప్పటికీ కాస్త ఊపిరాడనట్టే ఉంటుంది. అన్నీ తిరిగి తిరిగి వచ్చే లూప్‌లే. అవే పాటల్ని ఫ్రమ్ ద బేస్‌మెంట్ అనే లైవ్ సంగీత కార్యక్రమంలో రెండో డ్రమ్మర్ క్లైవ్ డీమర్‌ని కలుపుకుని లైవ్‌గా వాయించారు. వినాల్సింది ఆ రికార్డింగే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇన్ రెయిన్‌బోస్‌తో మొదలుపెట్టి, అక్కడినుంచి వెనక్కి ద బెండ్స్‌కి వెళ్లండి. కిడ్ ఏకి వచ్చేసరికి మాత్రం షఫుల్ ఆపేసి, మొదటి పాట నుంచి చివరిదాకా ఒకే వరసలో వినండి.